లెక్కపెట్టని ఫొటో

"రెండు కూడా కాలేదు, అప్పుడే వచ్చేశావేమిటే?"

కస్మిరా పొయ్యి ముందు నుంచి లేవకుండానే కూతుర్ని అడిగింది. చిన్న మూకుడులో గరిటెడు పిండి పోసి మూత పెట్టింది. పులిసిన బియ్యప్పిండి కొబ్బరిపాలతో కలిసి ఉడుకుతున్న వాసన వీధి గుమ్మం దాకా వస్తోంది. పక్కన అరిటాకు పరిచిన పళ్ళెంలో అపెం రొట్టెలు అప్పటికే ముప్పై దాటాయి.

ఆ వాసనకే వినర్ని గుమ్మంలో ఆగిపోయింది. జావాలో ఊరికే తినడానికి ఎవరూ అపెం చేయరు. తప్పయింది, మన్నించండి అని ఎవరి గడపలోనో నిలబడాల్సి వచ్చినప్పుడు చేతిలో పట్టుకునే పళ్ళెం అది.

"తలనొప్పిగా ఉందని చెప్పి వచ్చాను. అమ్మా, వదిన పెట్టె ముందుగదిలో ఎందుకుంది?"

"నేనే తెచ్చి పెట్టాను. మూడింటికి అసర్ నమాజయ్యాక రిక్షా వస్తుంది. ఏటి అవతలే కదా వాళ్ళిల్లు, మీ అన్నయ్య బండి మీద వెనకాలే వెళ్తాడు. మర్యాదగా తెచ్చుకున్నాం, మర్యాదగా అప్పగించి వస్తాం."

"అప్పగించి రావడానికి వదినేమన్నా ఎరువు తెచ్చుకున్న గిన్నెనా?"

"నోరు మూసుకో. ముందు కాళ్ళు కడుక్కో."

వినర్ని కాళ్ళు కడుక్కోలేదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే గట్టు మీద కూర్చుంది. ఆ సంచీలో ఒక కవరుంది. పొద్దున్నుంచీ దాన్ని తెరిచే ధైర్యం ఆమెకు లేకపోయింది.

"మొన్న శుక్రవారం డాక్టరు ఏమీ లేదన్నాక కూడా పంపిస్తావా?" అంది.

"ఏమీ లేదంది కాబట్టే పంపిస్తున్నా." కస్మిరా రొట్టెను అట్లకాడతో ఎత్తి పళ్ళెంలో వేసింది. "రక్తంలో ఏదో ఉందంటే మందు తాగించేదాన్ని. నువ్వేగా ఆ పరీక్షలన్నీ చేయిద్దామని గోల పెట్టావు? రక్తంలో లేదంటే ఇంకెక్కడున్నట్టు? రాతలో. పెళ్ళికి ముందే చెప్పాను. వాడు పుట్టిన రోజు అంకె, ఆ పిల్ల పుట్టిన రోజు అంకె కలిపి చూస్తే లెక్క చావు మీద ఆగింది. మీ నాన్న వింటేనా? ఈ కాలంలో ఎవరు చూస్తున్నారు అన్నాడు. ఆయన హాయిగా వెళ్ళిపోయాడు. మూడు కడుపులు పోవడం కళ్ళారా చూడాల్సింది నేను."

"వదిన చూడలేదా?"

కస్మిరా మూకుడులో మళ్ళీ పిండి పోసింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఆమె ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు, విషయం ముగిసినట్టు.

వినర్ని లేచి పెరట్లోకి నడిచింది.

నిజానికి ఆమెకు తలనొప్పి లేదు. పొద్దున ల్యాబ్‌లో పాత రిజిస్టరు తిరగేస్తుంటే, ఒక తేదీ దగ్గర వేలు ఆగిపోయింది.

ఆమెది కత్తెర పని. సీసాలో పోసిన రక్తాన్ని మూడు రోజులు వెచ్చగా ఉంచి పెంచాలి. కణం రెండుగా చీలబోయే ఘడియలో దాన్ని ఆపి గాజు పలక మీదికి తీయాలి. మనిషిని ఎలా కట్టుకురావాలో మొత్తం రాసి ఉన్న డి.ఎన్.ఎ. పోగు మామూలప్పుడు కంటికి ఆనదు. కణం చీలే ముందు మాత్రం చిక్కు పడకుండా పంచుకోవడానికి పొట్టిగా, బొద్దుగా చుట్టుకుంటుంది. ఆ చుట్టలే క్రోమోజోములు. వాటిని ఫొటో తీసి, ఒక్కొక్కటీ కత్తిరించి, పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా జతలుగా అట్ట మీద అంటించాలి. జతలో ఒకటి తల్లిచ్చింది, ఒకటి తండ్రిచ్చింది. ఇరవై మూడు జతలు, నలభై ఆరు ముక్కలు.

అట్టల మీద పేర్లుండవు, నంబర్లే. ఇంటివాళ్ళ నంబర్లు తను చూడకూడదని ఆ పని తోటి అమ్మాయికి అప్పగించింది. ఆ అమ్మాయి పిల్లాడికి ఆటలమ్మ పోసి సెలవు పెట్టింది. మిగిలిపోయిన ఫొటోలు వినర్ని బల్ల మీదికొచ్చాయి. అందులో ఒక మగమనిషి ఫొటోలో నలభై అయిదే ఉన్నాయి. పద్నాలుగో జతలో ఒకటి, ఇరవై ఒకటో జతలో ఒకటి తలలు అంటుకుని ఒకే ముక్కగా కూర్చున్నాయి. అయ్యో పాపం, ఎవరి బిడ్డో అనుకుంది. అనుకుని, చేతులు కడుక్కుని, అరటికాయ బజ్జీలు తిన్నది కూడా. ఇది జరిగి పదిహేను రోజులైంది.

ఈరోజు రిజిస్టరులో ఆ నంబరు పక్కన మంగళవారం తేదీ ఉంది. తను వదిన చెయ్యి పట్టుకుని రక్తం తీయించిన మంగళవారం. ఆ రోజు వచ్చిన జంట ఒక్కటే.

అన్నయ్య టిక్నో బావి దగ్గర మోటారుసైకిల్ కడుగుతున్నాడు. ఎవరి ఇంట్లోనైనా భార్యను పంపించేసే రోజు మొగుడు బండి కడుగుతాడా అంటే, ఈయన కడుగుతాడు. బడిలో పిల్లలకు భూగోళం చెప్పేటప్పుడు ఎంత గట్టిగా మాట్లాడతాడో, ఇంట్లో అంత నోట్లో నాలుక లేనివాడు.

"అన్నయ్యా."

"ఊఁ."

"డాక్టరు ఏం చెప్పింది?"

"చెప్పాగా. ఏమీ లేదంది."

"ఎవరిలో ఏమీ లేదంది?"

గుడ్డ ఆగింది. నీళ్ళు మాత్రం చక్రం మీద నుంచి కారుతూనే ఉన్నాయి.

"నీకు డాక్టరమ్మ చెప్పిందా? అలా చెప్పకూడదు కదా! ఇంట్లోవాళ్ళకైనా చెప్పనని మాటిచ్చింది!"

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"ఆవిడ చెప్పలేదు. నీ అట్ట నేనే అంటించాను అన్నయ్యా, ఈ చేతుల్తోనే జిగురు రాసి. నీదని తెలీక."

టిక్నో బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"వదినకి తెలుసా?"

"పక్కనే ఉందిగా."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చుని నా వీపు మీద చెయ్యి వేసింది. ఇంటిదాకా తియ్యలేదు."

వినర్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం వల్లో, జాలి వల్లో ఆమెకే తెలియలేదు.

"అంత చేసిన మనిషి పెట్టె సర్దుకుంటుంటే నువ్విక్కడ బండి తోముతున్నావా?"

"అమ్మ తట్టుకోలేదే."

"వదిన తట్టుకోవచ్చా?"

"నువ్వు చదువుకున్నదానివి, ఆలోచించు." టిక్నో గొంతు తగ్గించాడు. "నాలో ఉందని చెప్పాననుకో. అమ్మ ఊరుకుంటుందా? ఎక్కణ్ణుంచి వచ్చిందంటుంది. నాకొచ్చింది నీకు రాలేదని ఎవరు చెప్పాలి? వచ్చే నెల ఆ అబ్బాయి ప్రణోతో ఇంటివాళ్ళు నిన్ను ఖాయం చేసుకోవడానికి పళ్ళేలు పట్టుకొస్తారు. అప్పుడు ఊరంతా..."

"నా పెళ్ళి అడ్డం పెట్టుకుని దాక్కోకు!"

అంది గానీ, ఆమె చెయ్యి సంచీని గట్టిగా పట్టుకుంది.

కొత్త మందు సీసా వచ్చినప్పుడల్లా అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడటానికి ల్యాబ్‌లో వాళ్ళ రక్తమే వాళ్ళు పెంచుతారు. ఫొటోలో చారలు తేటగా పడ్డాయా అని చూస్తారు, సొరుగులో పడేస్తారు. లెక్కపెట్టరు. తన ఫొటో తను లెక్కపెట్టుకోకూడదని అక్కడ రాయని నియమం. అందరికంటే పెద్ద టెక్నీషియను నవ్వుతూ అంటుండేది, "వంటమనిషి తన చెయ్యి కోసుకుని రుచి చూస్తుందా?" అని. ఆరేళ్ళలో ఊరందరి పోగులూ లెక్కపెట్టిన వినర్ని తనవి మాత్రం ఒక్కసారీ లెక్కపెట్టలేదు. ఆ ఫొటోనే ఇప్పుడు సంచీలో ఉంది.

లోపలి గదిలో వదిన మూర్వాని మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఆమె మడత పెడితే అంచుకు అంచు కలవాల్సిందే. ఈరోజూ అలాగే కలుస్తున్నాయి. అది చూస్తుంటే వినర్నికి మరీ భయమేసింది.

"వదినా, నాకు తెలిసిపోయింది."

మూర్వాని తలెత్తింది. ఏమిటని అడగలేదు.

"ఎందుకు చెప్పలేదు? అమ్మ నిన్ను పొద్దున్నించీ ఏమేం అంటోందో వింటూనే ఉన్నావు. ఒక్క మాట అంటే సరిపోయేది!"

"ఏ మాట? మీ అబ్బాయిదే లోపం అనా?"

"లోపం కాదు అది. నీకు డాక్టరు చెప్పలేదా? ఏదీ తగ్గలేదు, ఏదీ పెరగలేదు. రెండు కలిసి అతుక్కున్నాయి, అంతే."

"నాకు చెప్పింది, అర్థమైంది. మీ అమ్మగారికి అర్థమవుతుందా?" మూర్వాని ఇంకో బట్ట తీసుకుంది. "ఆవిడ నన్ను తిట్టినా రెండు రోజులకి చల్లబడతారు. కొడుకునంటే కుమిలిపోతారు. ఆయన ఏడ్చారు, విన్. డాక్టరు గదిలో కాదు, ఇంటికొచ్చి స్నానాలగదిలో. కుళాయి తిప్పుకుని."

"అందుకని నువ్వు వెళ్ళిపోతావా?"

"ఆయనే ఆపుతారనుకున్నాను. శుక్రవారం అనుకున్నాను. శనివారం అనుకున్నాను." వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "ఈరోజు బుధవారం."

బయట పక్కింటి కోడిపుంజు ఒకటి వేళ కాని వేళ కూసింది.

"ఇంకోటి కూడా ఉంది," అంది మూర్వాని, వినర్ని వైపు చూడకుండా. "నీ పెళ్ళి కానీ, తర్వాత ఎవరేమనుకుంటే ఏం అని ఆయనన్నారు. అదొక్కటే నాకు సబబుగా తోచింది. ప్రణోతో మంచివాడు. నువ్వు వాడి మాటెత్తినప్పుడల్లా గొంతు మారిపోతుంది నీకు."

అంటే ఈ ఇంటి పరువు, అన్నయ్య పరువు, తన పెళ్ళి అన్నీ ఆ ఒక్క మనిషే వీపున మోస్తోంది. మోయిస్తున్నవాళ్ళలో తనూ ఉంది, తనకు తెలియకుండానే. వినర్ని ముఖం సిగ్గుతో కాలిపోయింది. నోరు విప్పితే తన పెళ్ళి ఏమవుతుందో తెలియదు. విప్పకపోతే మరో గంటలో వదిన ఈ ఇంట్లో ఉండదు.

ఆమె గదిలోంచి విసురుగా బయటికొచ్చింది.

"అమ్మా! ఇలా వసారాలోకి రా. పొయ్యి ఆపి రా."

"ఏమిటే ఆ కేకలు? చుట్టుపక్కలవాళ్ళు వింటారు."

"విననీ. రా."

కస్మిరా చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి కూతురు మెట్ల దగ్గర గొంతుక్కూర్చుని చెప్పులు వరస పెడుతోంది. టిక్నో పెద్ద తోలు చెప్పులు ఒక జత. కస్మిరా చిన్న రబ్బరు చెప్పులు ఒక జత. గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ తాడు తెంపి, ఒక పెద్ద చెప్పునూ ఒక చిన్న చెప్పునూ కలిపి కట్టేసింది.

"పిచ్చేమన్నా పట్టిందా? చెప్పులతో ఏమిటా ఆటలు?"

"అమ్మా, ఇక్కడ ఎన్నున్నాయి?"

"కళ్ళు పోయాయా నీకు? నాలుగు."

"మూటలు లెక్కపెట్టు."

"...మూడు. ఒకటి కట్టేశావుగా."

"చెప్పులేమన్నా పోయాయా?"

"ఎందుకు పోతాయి? ఇక్కడే ఉన్నాయి."

"అన్నయ్య ఒంట్లో ఇలా ఉంది."

కస్మిరా కూతురి ముఖంలోకి చూసింది. పెరటి గుమ్మంలో టిక్నో వచ్చి నిలబడ్డాడు, చేతిలో తడిగుడ్డతో. గది తలుపు దగ్గర మూర్వాని.

"డాక్టరు ఏమీ లేదన్నది వదినలో. అన్నయ్యలో ఇది ఉంది. ఆయనకేం నష్టం లేదు, నాలుగు చెప్పులూ ఉన్నాయిగా. బిడ్డకి పంచేటప్పుడే చిక్కు. బిడ్డకి తండ్రి ఇవ్వాల్సింది పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. ఈ విడివి రెండూ వెళ్తే మంచిదే. ఈ కట్టిన మూట ఒక్కటే వెళ్ళినా మంచిదే, బిడ్డ అన్నయ్యలాగే ఉంటాడు. కానీ ఈ పెద్దదొక్కటే వెళ్ళిందనుకో, చిన్నది లేదు. ఆ బిడ్డ నిలవదు. మూడు సార్లూ ఇలాంటిదేదో జరిగి ఉంటుంది. అందులో వదిన చేసింది ఏమీ లేదమ్మా. అన్నయ్య చేసిందీ లేదు. ఎవరూ చేయలేదు."

"వాడికి ఎవరు కట్టారు ఇది?" అంది కస్మిరా.

"పుట్టుకతోనే."

"నేను వాణ్ణి కన్నప్పుడు ఏ లోపమూ లేదు! పచ్చగా, బొద్దుగా పుట్టాడు. ఊరంతా చూసింది."

"అదే కదా చెప్తున్నాను. ఇది ఉన్నవాళ్ళు బానే ఉంటారు. నువ్వూ బానే ఉన్నావు."

ఆ మాట అనేశాక గానీ వినర్నికి తెలియలేదు తను ఎంత దూరం వెళ్ళిందో. కస్మిరా అక్కడే మెట్టు మీద కూలబడింది.

"నాకా?"

"తెలీదు. నాన్నదైనా కావచ్చు. కానీ..." వినర్ని కట్టిన మూటనూ, విడి చిన్న చెప్పునూ కలిపి ఎత్తింది. "ఒక్కోసారి ఇవి రెండూ కలిసి వెళ్తాయి. అప్పుడు చిన్నవి రెండు. అవతలివాళ్ళు ఇచ్చిందీ కలిస్తే మూడు. ఆ బిడ్డ బతుకుతాడు. నవ్వుతూ ఉంటాడు. మాట ఆలస్యం, నడక ఆలస్యం. పోనిమన్ మామయ్యలాగా."

"మా తమ్ముడికి మూడేళ్ళప్పుడు మూర్ఛజ్వరం వచ్చింది! దాంతో అలా అయ్యాడు. చిన్నప్పటి నుంచీ చెప్తున్నాను నీకు!"

"అమ్మమ్మ ఒళ్ళో మామయ్య ఆరు నెలల ఫొటో నీ బీరువాలోనే ఉందమ్మా. అప్పటికింకా జ్వరం రాలేదు. ముఖం మాత్రం అదే."

కస్మిరా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చుంది. ఏళ్ళ తరబడి ఆ జ్వరాన్ని ఆమె పెంచి పోషించింది. చుట్టాలకు చెప్పింది, పెళ్ళిచూపుల్లో చెప్పింది, తనకు తాను చెప్పుకుంది. ఇప్పుడు దాన్ని కూతురు మెట్ల మీద చెప్పుల మధ్య పడేసింది.

ఎంతోసేపటికి ఆమె వంగి ప్లాస్టిక్ తాడు ముడి విప్పబోయింది. గోళ్ళకు పట్టు దొరకలేదు. వదిలేసింది.

"టిక్నోకి ముందు నాకు రెండు పోయాయి," అంది, ఎవరితోనని కాకుండా. "నీకు ముందు ఇంకొకటి. రెండోది పోయాక మా అత్త నా పెట్టె తెచ్చి ముందుగదిలో పెట్టింది. ఇదే మూకుడు. ఆవిడ చేసిన అపెం వాసనకి నాకు వాంతయింది. కోపంతో అయిందనుకున్నారు. మంత్రసాని వచ్చి చూసి చెప్పింది, వీడు కడుపులో ఉన్నాడని. రిక్షా వెనక్కి పంపేశారు. ఆ రొట్టెలే అందరం కూర్చుని తిన్నాం."

"అమ్మా..." అన్నాడు టిక్నో.

"నువ్వు మాట్లాడకురా. నీకు ఎప్పుడు తెలిసింది?"

టిక్నో తల దించుకున్నాడు.

"శుక్రవారం," అంది వినర్ని.

కస్మిరా మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద మాడిపోయిన రొట్టెను తీసి పారేసిన చప్పుడు వినిపించింది. అపెం పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చి కోడలి ముందు నిలబడింది. జావాలో అత్త కోడలి ముందు అలా నిలబడటం ఎవరూ చూసి ఉండరు.

"తప్పయిందమ్మా," అంది కస్మిరా. "నాకు చేసింది నీకు చేశాను."

మూర్వాని అత్త కాళ్ళ ముందు కూర్చోబోయింది. కస్మిరా వద్దని తలూపింది. మూర్వాని ఒక రొట్టె తీసుకుని సగం తింది. మిగతా సగం చేతిలోనే పట్టుకుంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు అప్పుడు కారాయి, శుక్రవారం నుంచి మొదటిసారి.

గండం గడిచిందనుకుంది వినర్ని. పెట్టె లోపల పెట్టడానికి లేచింది కూడా.

"ఉండనీ విన్," అంది మూర్వాని. "నేను వెళ్తాను."

"ఎక్కడికి?"

"మా ఇంటికే."

"ఇంకా ఏమిటమ్మా?" కస్మిరా కంగారుపడింది. "తప్పయిందని చెప్పానుగా!"

"మీరు చెప్పారు అత్తయ్యగారూ. మీకు తెలిసిన గంటలో చెప్పారు." మూర్వాని గొంతు ఎప్పటిలాగే మెత్తగా, మర్యాదగా ఉంది. "రక్తంలో ఉన్నదాన్ని నేను ఏమీ అనను. ఎవరు కోరి తెచ్చుకున్నారు? కానీ ఆరు రోజులు ఆయన నోరు విప్పకపోవడం ఏ అట్ట మీదా లేదు. అది నేను మాత్రం ఎన్నాళ్ళు మోయను?"

అందరూ టిక్నో వైపు చూశారు. అతని పెదవులు కదిలాయి. కుళాయి కింద ఏడ్చినవాడు, వీపు మీద ఆ చెయ్యి ఉన్నంతసేపూ బండి నెమ్మదిగా నడిపినవాడు ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు. ఉండు అన్నా చాలు.

వీధిలో రిక్షా గంట మోగింది.

టిక్నో ఉలిక్కిపడ్డట్టు కదిలి, వంగి, పెట్టె ఎత్తాడు. లోపలికి తీసుకెళ్తాడనే అనుకుంది వినర్ని. మెట్లు దిగి, రిక్షాలో కాళ్ళ దగ్గర జాగ్రత్తగా పెట్టాడు, పక్కకు ఒరిగిపోకుండా.

మూర్వాని ఆ పెట్టె వైపు కాసేపు చూసింది. తర్వాత చేతిలో మిగిలిన సగం రొట్టెను అతని చేతిలో పెట్టి రిక్షా ఎక్కింది.

రిక్షా మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. టిక్నో ఆ రొట్టె తినలేదు, పారేయలేదు. మోటారుసైకిల్ పక్కన నిలబడ్డాడు, తాళంచెవి జేబులోనే ఉంది.

వినర్ని లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఇంత చేసి చివరికి మిగిలిందేమిటని ఆమెకు ఏడుపొచ్చింది. వదిన వెళ్ళనే వెళ్ళింది. ప్రణోతోకు ఏం చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తెలియదు. ఆరు రోజులు అని అన్నయ్యను అన్నారు. తనకు ఇప్పుడు మొదలైంది ఆ లెక్క.

కస్మిరా వచ్చి ఎదురుగా కూర్చుంది. పది నిమిషాల్లో పదేళ్ళు పైబడ్డట్టు ఉంది ఆమె.

"వచ్చినప్పట్నించీ ఆ సంచీ వదలట్లేదు నువ్వు. ఏముంది అందులో?"

"నా ఫొటో."

"ఏ ఫొటో?"

వినర్ని కవరు విప్పి బల్ల మీద పెట్టింది. నల్లటి చిన్న చిన్న పురుగుల్లాంటి ముక్కలు, చెల్లాచెదురుగా. కస్మిరా కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"ఇవన్నీ నీవా?"

"ఊఁ. ఇంకా లెక్కపెట్టలేదు."

"పెట్టకు," అంది కస్మిరా వెంటనే. "చించి పొయ్యిలో వెయ్యి. తెలీకపోతే అబద్ధం కాదుగా."

వినర్ని తల్లి వైపు చూస్తూ ఉండిపోయింది. కస్మిరా కిటికీలోంచి బయటికి చూసింది. కొడుకు ఇంకా బండి దగ్గరే ఉన్నాడు. ఆ నిలబడటం ఆమె చాలాసేపు చూసింది.

"వాడిలా నువ్వు నిలబడొద్దు," అంది చివరికి. "లెక్కపెట్టు. ఏదైనా సరే, ఆ అబ్బాయికి మనమే చెబుదాం. వాళ్ళు పళ్ళేలు మొయ్యకముందే."

గోడ ఫ్యాను గాలికి ఫొటో లేచింది. కస్మిరా దాని మూల మీద అరచెయ్యి ఆనించింది. వినర్ని పెన్ను తీసింది. ఆకారాలు చూడకూడదని, అంకె మాత్రమే చూడాలని ఒట్టు పెట్టుకుని, ఒక్కొక్క ముక్క పక్కన చుక్క పెడుతూ వెళ్ళింది. ఆరేళ్ళ అలవాటు చెయ్యి, అయినా పది దగ్గర ఆగి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇరవై. ముప్పై. ముప్పై తొమ్మిది.

కస్మిరా పెదవులు కూడా కదులుతున్నాయి కూతురితో పాటు.

నలభై రెండు. నలభై మూడు. నలభై నాలుగు.

పెన్ను ఆగింది. ఫొటోలో ఇంక చుక్క పెట్టనిదేదీ కనిపించడం లేదు. మిగిలింది తల్లి అరచేతి కింద ఉంది. ఒకటో, రెండో.

"చెయ్యి తియ్యమ్మా."

కస్మిరా తియ్యలేదు. ఆమె వేళ్ళు కాగితం మీద మరింత గట్టిగా అదుముకున్నాయి.

"ఒక్క నిమిషం ఆగవే," అంది. "ఒక్క నిమిషం."